ఇచ్చినట్టు రాసిన వాటా

ఒకటో తారీఖున పింఛను ఇంటికి తెచ్చి ఇస్తారు కాబట్టి, ఆ రోజు అచ్చమ్మ రొయ్యల షెడ్డుకి కాస్త ఆలస్యంగా వెళ్తుంది. ఆ జులై ఒకటిన తొమ్మిదవుతున్నా ఎవరూ రాలేదు. పక్కింటి సుబ్బాయమ్మ పింఛను ఆమెకి ఇచ్చేసి వెళ్లిపోయారని తెలిసి, చెప్పులేసుకుని నేరుగా సచివాలయానికి నడిచింది.

అచ్చమ్మకి అరవై ఒకటి. కలిదిండి దగ్గర షెడ్డులో రొయ్యల తలలు తీసే పని. భర్త నెహెమ్యా పోయి ఆరేళ్లయింది. ఒక్కతే కూతురు జ్యోత్స్న, జంగారెడ్డిగూడెంలో కాపురం. నెలకి నాలుగు వేల పింఛను, షెడ్డు కూలీ, రెండు గదుల ఇల్లు. ఇవీ ఆవిడకున్నవి. ఇంతకంటే ఉన్నాయని ఆవిడకే తెలీదు.

సచివాలయంలో పింఛన్లు చూసే మనోజ్ కంప్యూటరులో ఆవిడ ఆధార్ నంబరు కొట్టి, కాసేపు చూసి, ఇబ్బందిగా తలెత్తాడు.

"మీ పింఛను ఆగిందండి. ఇన్‌కమ్ టాక్సు కడుతున్నవాళ్ల లిస్టులో మీ పేరు వచ్చింది."

"నేనా?"

"మీరేనండి. మీ పాన్ నంబరు మీద టాక్సు జమైనట్టుంది."

"ఇంటి పన్నే మూడు దఫాలుగా కట్టాను బాబూ నేను. సరిగ్గా చూడు."

మనోజ్ మళ్లీ చూశాడు. స్క్రీను ఆవిడ వైపు తిప్పి చూపించాడు కూడా. పేరు ఆవిడదే, భర్త పేరు నెహెమ్యా. "ఎవరు కట్టారో మాకు కనబడదండి. ఏలూరులో లక్ష్మీదుర్గగారని ఉన్నారు, టాక్సు రిటర్నులు వేస్తారు. పవర్‌పేట స్టేషను దగ్గర ఆఫీసు. ఆవిడైతే తీసి చెప్తారు. పాన్ కార్డుందా మీ దగ్గర?"

ఉంది. నెహెమ్యా పోయిన కొత్తలో ఐసు ఫ్యాక్టరీ వెంకట్రాజుగారు దగ్గరుండి చేయించారు. ఏవో కాయితాల మీద సంతకాలు కూడా పెట్టించారు. పీఎఫ్ డబ్బుల కోసం అనుకుంది అప్పట్లో. పీఎఫ్ వచ్చింది, కార్డు పెట్టెలో పడుంది.

మర్నాడు పని మానుకుని కైకలూరు వెళ్లి, అక్కణ్ణించి కొల్లేటి మీదుగా ఏలూరు బస్సెక్కింది. కిటికీ పక్కన కూర్చుని కూడా అటు చూడలేదు. మనసంతా ఆ స్క్రీను మీద చూసిన తన పేరు మీదే ఉంది.

లక్ష్మీదుర్గకి ముప్పై అయిదుంటాయి. మందుల షాపు పైన ఒక గది, రెండు కంప్యూటర్లు. అచ్చమ్మ కార్డులు తీసుకుని, ఆవిడ ఫోనుకి వచ్చిన ఓటీపీ కొట్టి, ఆదాయపు పన్ను శాఖ సైటులోకి వెళ్లి, రెండు కాయితాలు ప్రింటు తీసి ముందు పెట్టుకుంది.

"కాంతం ఐస్ అండ్ కోల్డ్ స్టోరేజ్ ప్రైవేట్ లిమిటెడ్ అని ఉందండి. తెలుసా మీకు?"

"ఎందుకు తెలీదండీ? మా వెంకట్రాజుగారి ఐసు ఫ్యాక్టరీ. కాంతంగారంటే వాళ్లావిడ. మా ఆయన పదేళ్లు అందులోనే మిషను చూసుకున్నాడు."

"అందులో మీకు వాటా ఉందా?"

"వాటా ఏంటండీ?"

లక్ష్మీదుర్గ పెన్ను కింద పెట్టి, నెమ్మదిగా చెప్పింది. కంపెనీ అంటే కొందరు వాటాదారులది. ఒక్కో వాటాని షేరంటారు. లాభం వచ్చినప్పుడు ఆ లాభాన్ని షేరుకి ఇంత అని పంచుతారు, దాన్ని డివిడెండు అంటారు. పంచేటప్పుడు నూటికి పది రూపాయలు పట్టుకుని, ఆ వాటాదారు పేరు మీద ప్రభుత్వానికి కట్టాలి. ఎవరికి ఎంత ఇచ్చారో, ఎంత పట్టుకున్నారో పేరుపేరునా రాసి పంపాలి.

"అలా పంపినదాంట్లో మీ పేరుందండి. ముందటేడు మీకు లక్షా ఎనభై వేలు ఇచ్చినట్టు, అందులో పద్దెనిమిది వేలు టాక్సు పట్టుకున్నట్టు. పోయినేడు రెండు లక్షల నలభై వేలు ఇచ్చినట్టు, ఇరవై నాలుగు వేలు పట్టుకున్నట్టు. ఆ టాక్సు మీ పేరున కనబడబట్టే పింఛను ఆగింది."

అచ్చమ్మ ఒక్కటే అడిగింది.

"ఇస్తామని రాశారా అండీ, ఇచ్చామని రాశారా?"

"ఇచ్చామనే రాశారండి."

"నాకు ఒక్క రూపాయి రాలేదు."

లక్ష్మీదుర్గ ఆవిడ మొహంలోకి చూసింది. వంద రూపాయలు రుసుము కడితే కంపెనీ దాఖలు చేసిన కాయితాలు ఎవరైనా చూడొచ్చంది. తనే కట్టి చూసింది. పది వేల షేర్లు. వెంకట్రాజుగారికి అయిదు వేల అయిదొందలు, కొడుకు ఫణీంద్రకి రెండు వేలు, కాంతంగారికి పదిహేను వందలు, అచ్చమ్మకి వెయ్యి. ఇంకా వెనక్కి వెళ్తే, కంపెనీ పెట్టిన ఏడాది కాయితంలో నెహెమ్యా పేరు దొరికింది. వెయ్యి షేర్లు, నగదుకి కాదు, నలభై సెంట్ల స్థలానికి బదులుగా. ఆయన పోయాక వెంకట్రాజుగారు సంతకాలు పెట్టించిన కాయితాలతోనే అవి అచ్చమ్మ పేరుకి మారాయి.

ఆ నలభై సెంట్లూ అచ్చమ్మకి బాగా తెలుసు. రోడ్డు పక్క పట్టా భూమి, నెహెమ్యా తండ్రిది. కొల్లేట్లో ప్రభుత్వం చేపల చెరువులు కొట్టేసిన ఏడాది వెంకట్రాజుగారు బాగా దెబ్బతిన్నారు. ఆ తర్వాత ఐసు ఫ్యాక్టరీ పెడదామని బ్యాంకు లోను తెచ్చుకున్నారు కానీ, లారీలు వచ్చే రోడ్డు మీద స్థలం కొనడానికి చేతిలో డబ్బుల్లేవు. నెహెమ్యా స్థలం ఇచ్చాడు. వెంటనే ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. స్థలానికి బదులు ఉద్యోగం ఇచ్చారనే అచ్చమ్మ ఇన్నేళ్లూ అనుకుంది. నెహెమ్యాకైనా పూర్తిగా తెలుసో లేదో.

"వాటా ప్రకటించాక ముప్పై రోజుల్లో డబ్బు ఇచ్చెయ్యాలండి," అంది లక్ష్మీదుర్గ. "లేకపోతే వడ్డీ కూడా కట్టాలి. ముందు వెళ్లి అడగండి. పొరపాటేమో."

"పొరపాటు రెండేళ్లు చేస్తారా అండీ?" అంది అచ్చమ్మ, చాలా మెల్లగా.

*

ఫ్యాక్టరీకి మర్నాడే వెళ్లింది. వెంకట్రాజుగారికి మూడేళ్ల కిందట పక్షవాతం వచ్చి, తాడేపల్లిగూడెంలో ఇంట్లోనే ఉంటున్నారు. వ్యాపారమంతా ఫణీంద్ర చూస్తున్నాడు. నలభై ఏళ్ల మనిషి. చిన్నప్పుడు ఊళ్లో అచ్చమ్మ చేతి చేపల పులుసు తిన్నవాడే.

"ఏం అచ్చమ్మా, ఇలా వచ్చావ్?"

"నాకు రెండేళ్లుగా వాటా ఇస్తున్నారంట కదా బాబూ, దానివల్ల నా పింఛను ఆపేశారు. ఎక్కడ ఇస్తున్నారో అడుగుదామని వచ్చాను."

ఫణీంద్ర గుమస్తాని బయటికి పంపి, కుర్చీ చూపించాడు. అబద్ధం ఆడలేదు. అది మెచ్చుకోవాలి.

"నాన్నకి స్ట్రోకు వచ్చినప్పుడు హాస్పిటలుకి కంపెనీలోంచే తీశాను. తర్వాత ఇంటికీ తీశాను. ఆడిటరుగారు ఊరుకోలేదు. మన ఇంటి కంపెనీ కదా అని అప్పుగా రాసుకుని డబ్బు తీసుకుంటే, దాన్ని కూడా డివిడెండు కిందే లెక్కేసి టాక్సు వేస్తారు, అంతకంటే పద్ధతిగా డివిడెండే ప్రకటించి తీసుకోండి అన్నారు. సరే అన్నాను. కానీ ప్రకటిస్తే షేరుకి ఇంత అని అందరికీ ఒకటే. ఒకళ్లకి ఇచ్చి ఒకళ్లకి మానెయ్యడానికి లేదు. అందుకని నీ పేరు కూడా రాయాల్సొచ్చింది."

"రాశారు. మరి ఇవ్వలేదేం?"

"చూస్తున్నావు కదా, రొయ్య రేటు పడిపోయింది. చెరువులు సగం ఎండబెట్టేశారు. ఐసు ఎవరిక్కావాలి? నీ డబ్బు ఎక్కడికీ పోలేదు. కంపెనీలోనే ఉంది, నీ పేరు మీదే ఉంది."

"మీ డబ్బు కూడా కంపెనీలోనే ఉందా బాబూ?"

ఫణీంద్ర సొరుగులోంచి టైపు కొట్టిన కాయితం ఒకటి తీసి ముందు పెట్టాడు. "దీని మీద ఒక్క సంతకం పెట్టు. నీకు పింఛను ఆగిందంటున్నావు కదా, నెలకి నాలుగు వేలు నేనిస్తాను. కాదు, అయిదు వేలు ఇస్తాను. నీకు ఏ ఇబ్బందీ ఉండదు."

అచ్చమ్మ కళ్లజోడు పెట్టుకుంది. చర్చిలో వాక్యం చదవడానికి నేర్చుకున్న చదువు. ఒక్కో మాటా కూడబలుక్కుని పెదాలు కదుపుతూ చదివింది. ఫణీంద్ర ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. 'నాకు రావలసిన డివిడెండు మొత్తమును నా ఇష్టపూర్వకముగా కంపెనీ యొద్దనే ఉంచవలసినదిగా కోరుచున్నాను' అని ఉంది. తారీఖు మాత్రం రెండేళ్ల కిందటిది.

"నేను ఎప్పుడు కోరాను బాబూ?"

"అది ఊరికే ఫార్మాలిటీ. ఆడిటరుకి చూపించాలి."

"ఇంటికెళ్లి ఆలోచించుకుంటానండి," అని కాయితం మడిచి సంచిలో పెట్టుకుని లేచింది. ఫణీంద్ర కాయితం ఇక్కడే ఉంచమన్నాడు. వినబడనట్టే బయటికి వచ్చేసింది.

ఆ సాయంత్రం కూతురికి ఫోను చేసి అంతా చెప్పింది. జ్యోత్స్న భయపడింది.

"సంతకం పెట్టెయ్యమ్మా. పింఛను కంటే వెయ్యి ఎక్కువే ఇస్తానంటున్నారు కదా. వాళ్లతో మనకెందుకు? రేపు ఏదన్నా అయితే నేనిక్కడ, నువ్వక్కడ."

"నెలకి అయిదు వేలంటే ఏడాదికి అరవై వేలే. నాకు రావాల్సింది రెండు లక్షల పైన."

"మనకి వస్తుందని మనకే తెలీదు కదమ్మా మొన్నటిదాకా."

"తెలీనప్పుడు సరే. ఇప్పుడు తెలిసింది." మళ్లీ తనే అంది. "డబ్బు సంగతి అటుంచవే. ఆ కాయితంలో నేను ఉంచమన్నాను అనుంది. నేను అనలేదు. అననిది అన్నానని నా చేత్తో ఎలా రాస్తాను?"

జ్యోత్స్న జాగ్రత్త అని మాత్రం అంది.

జాగ్రత్త పడాల్సిన అవసరం వారం తిరక్కుండానే వచ్చింది. షెడ్డు మేస్త్రి, మంచివాడే, పక్కకి పిలిచి నేల చూపులు చూస్తూ చెప్పాడు. "రేపణ్ణించి కొన్నాళ్లు రావొద్దమ్మా. మనకి ఐసు అక్కణ్ణించే రావాలి కదా." ఎవరూ ఏమీ చెప్పలేదని, తనంతట తనే అంటున్నానని కూడా అన్నాడు. అచ్చమ్మ వాదించలేదు. ఆ నెల నుంచి నాలుగు కిలోమీటర్ల అవతల ఇంకో షెడ్డుకి ఆటోలో పోసాగింది. రోజుకి నలభై రూపాయలు ఆటోకే పోయేవి. ఆ నలభై ఇచ్చిన ప్రతిసారీ ఆవిడ పట్టుదల ఇంకాస్త గట్టిపడేది.

*

రెండోసారి ఏలూరు వెళ్లినప్పుడు ఆ కాయితం లక్ష్మీదుర్గ ముందు పెట్టింది. లక్ష్మీదుర్గ చదివి, "సంతకం పెట్టకపోవడం మంచిదైందండి," అంది.

"ఇప్పుడు నేనేం చెయ్యొచ్చో చెప్పండి. అన్నీ చెప్పండి."

"కంపెనీకి, ఆడిటరుకి రిజిస్టర్డు పోస్టులో ఉత్తరం రాయొచ్చు. ఫిర్యాదు చెయ్యొచ్చు, అది చాలా కాలం పడుతుంది. ఇంకోటి, మీరు ఇన్‌కమ్ టాక్సు రిటర్ను వెయ్యొచ్చు. మీ మొత్తం ఆదాయం పరిమితి లోపే కాబట్టి టాక్సు పడదు. పోయినేడు పట్టుకున్న ఇరవై నాలుగు వేలూ వెనక్కి వస్తాయి. ముందటేడుది గడువు దాటిపోయిందండి. దానికి ఆలస్యం ఎందుకైందో చెప్పుకుని వేరే అర్జీ పెట్టాలి, ఇస్తారో లేదో చెప్పలేను."

"రిటర్ను వెయ్యడమంటే ఏం రాస్తారండీ?"

"మీ ఆదాయం ఇదీ అని మీరు ప్రభుత్వానికి చెప్పుకోవడం."

"డబ్బు నా చేతికి రాలేదు కదా. వచ్చిందని రాయొచ్చా?"

"వచ్చిందని కాదండి, అది మీ ఆదాయం అని రాస్తాం. డివిడెండు ప్రకటించిన ఏడాదే అది మీది అయిపోతుంది. చేతికి ఇవ్వకపోవడం వాళ్ల తప్పు. నిజానికి చూపించకపోతేనే చిక్కు."

అచ్చమ్మ గోడ మీద తిరుగుతున్న ఫ్యాను నీడని చూస్తూ ఆలోచించింది. ఇదంతా విన్నాక ఆవిడకి ఒక్కటి స్పష్టంగా అర్థమైంది. రాసింది కంపెనీ ఒక్కటే. ఇప్పటిదాకా ఆవిడ వైపు నుంచి ఎక్కడా ఒక్క అక్షరం లేదు. అందుకే వాళ్లకి ఆ సంతకం కావాల్సొచ్చింది.

"అయితే ముందు అదే వెయ్యండి. నాదని వాళ్లు చెప్పారు గవర్నమెంటుకి. నేను కూడా నాదనే చెప్తాను. అప్పుడింక కాదనడానికి ఎవరికీ ఉండదు."

లక్ష్మీదుర్గకి నవ్వొచ్చింది. పదేళ్లుగా రిటర్నులు వేస్తోంది. ఆదాయం తగ్గించి చూపించమని అడిగినవాళ్లే అందరూ. చేతికి రాని డబ్బుని చూపించమని పట్టుబట్టిన మనిషి ఈవిడే.

వివరాలు నింపుతూ, "ఇంకేమైనా ఆదాయం ఉందాండీ?" అని అడిగింది.

"రొయ్యల షెడ్డు కూలీ. లెక్కేస్తే ఏడాదికి యాభై నాలుగు వేలు అవుద్ది."

"అది ఎవరూ చూపించరండి, ఎక్కడా ఎక్కదు కూడా."

"రాయండి. వాళ్లలాగా నేను కూడా కొంత రాసి కొంత మానేస్తే ఎలా?"

రెండు లక్షల తొంభై నాలుగు వేలు. టాక్సు సున్నా. ముందటేడాది సంగతికి అర్జీ ఒకటి, కంపెనీకి ఉత్తరం ఒకటి, దాని నకలు తాడేపల్లిగూడెంలో ఆడిటరు వీరేంద్రకి. ప్రతి కాయితమూ చదివించుకుని, తెలీని మాటకి అర్థం అడిగి, అప్పుడు సంతకం పెట్టింది. అయ్యేసరికి మధ్యాహ్నం రెండయింది. లక్ష్మీదుర్గ ఫీజు సగమే తీసుకుంటానంది. అచ్చమ్మ ఒప్పుకోలేదు. సగం ఇప్పుడిచ్చి, సగం వాటా వచ్చాక ఇస్తానంది.

ఆగస్టు చివర్లో ఒకరోజు, తలలు తీసే బల్ల దగ్గర ఉండగా ఫోను మోగింది. చేతులు కడుక్కుని చూస్తే బ్యాంకు మెసేజి. ఇరవై నాలుగు వేల చిల్లర జమ. నమ్మకం లేక మధ్యాహ్నం బ్యాంకుకి వెళ్లి పాసుబుక్కు వేయించుకుంది. నిజమే. కంపెనీ రెండేళ్లుగా ఇవ్వని వాటాలో మొదటి ముక్క ఆవిడకి ఆదాయపు పన్ను శాఖ నుంచి వచ్చింది. పాసుబుక్కులో ఆ గీతని వేలితో రెండుసార్లు తడిమి చూసుకుంది. నెహెమ్యా గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. బ్యాంకులో అందరి ముందూ ఏడవడం ఇష్టం లేక బయటికొచ్చి, అరుగు మీద కాసేపు కూర్చుని, మళ్లీ పనికి వెళ్లింది.

*

సెప్టెంబరు రెండో వారంలో ఉత్తరం వచ్చింది. కంపెనీ వార్షిక సమావేశం నెలాఖరున తాడేపల్లిగూడెం ఆఫీసులో జరుగుతుందని, వాటాదారు అచ్చమ్మగారు హాజరు కావలసిందని. అలాంటి ఉత్తరం ఆవిడకి రావడం అదే మొదలు. ఆడిటరు పట్టుబట్టి పంపించాడని తర్వాత తెలిసింది.

"నేను తోడు రావాలని ఉంది కానీ, లోపలికి వాటాదారుల్నే రానిస్తారండి," అంది లక్ష్మీదుర్గ ఫోనులో. "మీరు ఏ కాయితమైనా చదివాకే సంతకం పెట్టండి. తొందరపెడితే పెట్టనని చెప్పండి."

"తొందరెందుకండీ నాకు," అంది అచ్చమ్మ.

ఆ రోజు ఏలూరులో పాసింజరు ఎక్కింది. భీమడోలులో బుట్టలతో ఎక్కిన ఆడవాళ్లు సర్దుకోమంటే సర్దుకుంది. ఏం మాట్లాడాలో దారంతా మనసులో అనుకుంటూనే ఉంది. తాడేపల్లిగూడెంలో దిగి, ఉల్లిపాయల మార్కెట్టు పక్క వీధిలో ఆఫీసు వెతుక్కుంటూ వెళ్లేసరికి పదకొండు.

గదిలో నలుగురున్నారు. చక్రాల కుర్చీలో వెంకట్రాజుగారు. కుడి చెయ్యి ఒళ్లో వాలిపోయి ఉంది. పక్కన కాంతంగారు. బల్లకి అటు ఫణీంద్ర, ఇటు తెల్లజుట్టు ఆడిటరు వీరేంద్ర. అచ్చమ్మ గుమ్మంలో ఆగిపోయింది. వెంకట్రాజుగారి ముందు ఆవిడ ఎప్పుడూ కుర్చీలో కూర్చోలేదు. కాంతంగారే లేచి కుర్చీ జరిపి, "ఇలా కూర్చో అచ్చమ్మా," అంది. కూర్చుంది.

ముందు హాజరు పుస్తకంలో సంతకాలు. తర్వాత వీరేంద్ర లెక్కలు చదవడం మొదలుపెట్టి, ఒకచోట ఆగాడు.

"అచ్చమ్మగారూ, మీ డివిడెండు కంపెనీలోనే ఉంచమని మీరేమైనా ఉత్తరం ఇచ్చారా? రెండేళ్లుగా తెస్తామంటున్నారు, నాకు అందలేదు. అందుకే మిమ్మల్నే అడుగుతున్నాను."

"ఇవ్వలేదండి. ఇమ్మని అడిగారు. ఇదిగోండి." సంచిలోంచి సంతకం లేని ఆ కాయితం తీసి బల్ల మీద పెట్టింది.

వీరేంద్ర చదివాడు. పాత తారీఖు మీద ఆయన చూపు ఆగింది. ఫణీంద్ర వైపు తిరిగి, "ఇది తప్పండీ," అన్నాడు. "ఇచ్చామని మనం ప్రభుత్వానికి రిటర్ను పంపాం. ఇవ్వలేదు. ఆవిడ అది తన ఆదాయమని రిటర్ను వేసేశారు, రిఫండు కూడా వచ్చేసింది. ఇంక దీన్ని ఏ రకంగానూ సర్దలేను నేను."

ఫణీంద్ర మొహం ఎర్రబడింది. కాసేపు పెన్ను తిప్పుతూ కూర్చుని, "పోనీ ఒక పని చేద్దాం," అన్నాడు. "ఆ వెయ్యి షేర్లూ నేను తీసేసుకుంటాను. షేరు వంద చొప్పున లక్ష రూపాయలు. ఇవాళే ఇస్తాను. పుస్తకాల్లో ఉన్న ధర అదే."

అచ్చమ్మ దారంతా అనుకున్న మాటలన్నీ మర్చిపోయింది. అయినా మాట తడబడలేదు.

"ఒక్క ఏడాది వాటాయే రెండు లక్షల నలభై వేలు కదా బాబూ. మొత్తం షేర్లు లక్షకి ఎలా ఇస్తాను?" అని, బల్ల మీద చేతులు పెట్టి మళ్లీ అంది. "నేను మిమ్మల్ని ఏమీ కొత్తగా ఇమ్మనడం లేదండి. ఇచ్చామని మీరు రాశారు. నాదేనని నేను రాశాను. ఇద్దరం రాసింది ఒకటే. ఆ రాసింది నిజం చెయ్యండి. అంతే."

అప్పుడు వెంకట్రాజుగారు ఎడమ చెయ్యి ఎత్తారు. మాట ముద్దగా, ముక్కలు ముక్కలుగా వస్తోంది. కాంతంగారు వంగి వినబోతే వద్దని తల ఊపి, తనే చెప్పారు.

"ఆ స్థలం... నెహెమ్యా ఇవ్వకపోతే... ఫ్యాక్టరీ లేదు. ఉద్యోగం వేరు. వాటా వేరు. నేను... రెండూ ఇచ్చాను." ఊపిరి తీసుకుని కొడుకు వైపు చూశారు. "నువ్వు తీసుకున్న రోజే... ఆవిడకీ పంపాలి. నాతో... పంపించానన్నావు."

ఫణీంద్ర తల దించుకున్నాడు. అచ్చమ్మ వెంకట్రాజుగారి వైపు చూడలేకపోయింది. ఇన్ని నెలలుగా ఆయనకి కూడా తెలిసే జరిగిందనుకుంది. ఆ అనుమానం మనసులోంచి దిగిపోయేసరికి ఒళ్లంతా తేలికపడినట్టయింది.

"ఒక్కసారిగా ఇవ్వలేనండి," అన్నాడు ఫణీంద్ర చివరికి. ఆవిడని అండీ అనడం అదే మొదటిసారి, అన్నట్టు అతనికే తెలీదు. "మూడు లక్షల డెబ్బై ఎనిమిది వేలు. బ్యాంకులో అప్పు లిమిటు నిండిపోయింది. నిజంగా లేవు."

"మీ ఫ్యాక్టరీ మూయించడానికి రాలేదు బాబూ నేను. అది ఆగిపోతే నా వాటా కూడా ఆగిపోద్ది. పోయినేటిది రెండు లక్షల పదహారు వేలు ఈ వారంలో పంపండి. ముందటేటిది డిసెంబరు ముప్పై ఒకటిలోపు పంపండి. రాసి ఇవ్వండి."

"వడ్డీ కూడా ఉందండి, చట్టం ప్రకారం," అన్నాడు వీరేంద్ర, మొహమాటంగా.

"చట్టంలో ఉంటే అదీ రాయండి," అంది అచ్చమ్మ.

వెంకట్రాజుగారి మొహంలో సగం వైపు నవ్వు కదిలింది.

ఆ ఏడాదికి డివిడెండు వద్దని ఫణీంద్ర ప్రతిపాదించాడు. "మీరూ తీసుకోరా?" అని అడిగింది. తీసుకోనన్నాడు. "అప్పుగా కూడానా?" అంది. వీరేంద్ర గట్టిగా నవ్వేశాడు. తీసుకోనని ఫణీంద్ర అది కూడా సమావేశం మినిట్సులో రాయించాడు. అచ్చమ్మ ఒప్పుకుంది. మూడు పేజీలూ చదవడానికి ఆవిడకి అరగంట పట్టింది. నలుగురూ అంతసేపూ కూర్చున్నారు.

*

మొదటి డబ్బు అయిదో రోజున పడింది. లక్ష్మీదుర్గకి బాకీ ఉన్న ఫీజు ఆ వారమే పట్టుకెళ్లి ఇచ్చింది. జ్యోత్స్నకి ఫోను చేస్తే అవతల ఏడుపు వినిపించింది. సచివాలయంలో మనోజ్ సంతోషించాడు. మళ్లీ పింఛనుకి పెట్టుకోవచ్చేమో చూద్దామని ఫారం తీశాడు. ఆదాయం గడిలో అచ్చమ్మ ఉన్నదున్నట్టు రాయించింది. ఇంత రాస్తే రాదన్నాడు మనోజ్. రాకపోతే పోనిమ్మంది. కానీ వాటా రాని ఏడాది మళ్లీ వచ్చి పెట్టుకుంటానని, అప్పుడు మాత్రం ఆపొద్దని చెప్పి వచ్చింది.

డిసెంబరు ముప్పై ఒకటి వచ్చింది. పది గంటలకి ఫోను చూసుకుంది, ఏమీ లేదు. చీర మార్చుకుని ఫ్యాక్టరీకి వెళ్లింది. గుమస్తా ఎవరు కావాలంటే, డబ్బు పడేదాకా కూర్చుంటానని చెప్పి బల్ల ముందు కుర్చీలో కూర్చుంది. బయట ఐసు దిమ్మలు జారుడు బల్ల మీంచి లారీలోకి దబదబా పడుతున్నాయి. మధ్యాహ్నం ఫణీంద్ర వచ్చాడు. ఆవిడని చూసి ఏదో అనబోయి, మానేసి, రెండు టీలు చెప్పాడు. ఇద్దరూ తాగారు. భీమవరంలో రొయ్య రేటు కాస్త పెరిగిందని అతను చెప్తే ఆవిడ వింది. రెండు మూడు ఫోన్లు చేశాడు. ఎవరో ఒక బాకీదారు డబ్బు పంపితే, అది పడగానే వడ్డీతో సహా ఇటు పంపించాడు. నాలుగూ పదికి అచ్చమ్మ ఫోనులో మెసేజి వచ్చింది.

అంకెలు సరిచూసుకుంది. గుమస్తా చేత రసీదు రాయించి సంతకం పెట్టింది. పెట్టాక వెంటనే లేవలేదు.

"నెలకి కరెంటు బిల్లు ఎంతొస్తుంది బాబూ మనకి?" అని అడిగింది.

ఫణీంద్ర ఆవిడ వైపు కాసేపు చూశాడు. తర్వాత ఫైలు తెరిచి, బిల్లు తీసి, ఆవిడ వైపు తిప్పి పెట్టాడు. అచ్చమ్మ కళ్లజోడు సర్దుకుని పైనుంచి చదవడం మొదలుపెట్టింది.